పదమూడు అడుగుల ముఖం

వీధి వైపు పదమూడు అడుగులు.
లోపలికి నాలుగు గదులు, ఒకదాని వెనక ఒకటి,
శుక్రవారం జీతాల వరసలో నిలబడ్డ మనుషుల్లా.
టేపు ఇటు కొస నేను పట్టుకున్నాను.
అటు కొస డల్సీ ట్రెవెల్లా, ఎనభై తొమ్మిదేళ్లు.
"ఎంత లాగినా ఇంతే,
ఈ ఇల్లు సాగదు" అంది.

మారిబిర్నాంగ్ ఒడ్డున
తోళ్ల కార్ఖానా మూతబడి నలభై ఏళ్లు.
వాన కురిసిన రోజున మాత్రం
నేలచెక్కల సందుల్లోంచి
ఆ వాసన ఇంకా డ్యూటీకి ఎక్కుతుంది.

నా చేతిలో కౌన్సిల్ వాళ్ల ఫారం.
కట్టిన ఏడాది. వాడిన సామగ్రి. మార్పులు చేర్పులు.
అన్నిటికన్నా కింద, వారసత్వ విలువ:
ఎక్కువ, ఓ మాదిరి, లేదు.
ఏదో ఒకదానికి సున్నా చుట్టాలి.

వంటగదిలో గోడకాగితం లేచిన చోట
గోరుతో మెల్లగా ఒలిచాను.
గులాబీల కింద గళ్లు, గళ్ల కింద పాచి రంగు,
దాని కింద పిండి ఉడికించి అంటించిన దినపత్రికలు.
ఉన్ని ధరలు, ఓడల రాకపోకలు,
ట్రాములో గొడుగు పోగొట్టుకున్న ఎవరిదో ప్రకటన.
చలికి అడ్డంగా
లోకంలోని వార్తలన్నీ కప్పుకుని పడుకున్నారు
ఐదుగురు పిల్లలు.
అక్షరాలన్నీ తలకిందులు.
"అమ్మకి చదువు రాదు" అంది డల్సీ,
"ఏది పైనో ఏది కిందో
ఆవిడకి అంతా ఒకటే."

పక్కింటికీ దీనికీ ఒకటే గోడ.
వేలి కణుపుతో మూడుసార్లు తడితే పంచదార కావాలని.
రెండైతే, అద్దెల గుమాస్తా మలుపు తిరిగాడని.
ఆపకుండా కొడితే నొప్పులు మొదలయ్యాయని.
తర్వాతెప్పుడో మాల్టా నుంచి దిగిన బుజేయా వాళ్లు
ఇంగ్లీషు కన్నా ముందు
ఈ గోడ భాష నేర్చుకున్నారట.

నాకు ఆగలేదు.
'ఎక్కువ' మీద పెన్ను పెట్టాను.

"ఉండు."
ఆవిడ నన్ను వెనక గది మూలకి తీసుకెళ్లింది.
"ఇక్కడ క్లారీ పడుకునేవాడు. మా తమ్ముడు.
ఏటా అమ్మ సున్నం వేసేది,
ఏటా చెమ్మ వాడి దిండు ఎత్తుకి ఎక్కేది.
పదకొండో ఏడు నిండకుండానే దగ్గుకి అలిసిపోయాడు.
ఇది రాస్తావా నీ కాగితంలో?
దీనికి తెల్లరంగు పూసి, గుమ్మంలో లావెండర్ కుండీ పెట్టి,
పాతకాలం ఎంత అందం అని జనానికి చూపిస్తే
అగ్గిపెట్టె నేనే తెస్తాను."

కూల్చమంటారా మరి, అన్నాను. గొంతు నాకే వినపడలేదు.

చాలాసేపు మాట్లాడలేదు.
కిటికీలోంచి గట్టు పైకి చూపించింది.
కార్ఖానా యజమాని మేడ, నల్లరాతి గోడలు,
గేటుకి తళతళలాడే ఇత్తడి పలక.
"ఆయన మెట్లు పదిలంగా ఉన్నాయి.
నంబరు వేసి మరీ కాపాడుతున్నారు.
వాటిని కడిగిన మా అమ్మ మోకాళ్లు
ఎక్కడ దాచారో అడుగు."

వంటగదిలో తొట్టి ముందు
చెక్క రెండు చోట్ల అరిగి ఉంది.
పాదం పట్టేంత పల్లం, పక్కన ఇంకొకటి.
బూట్లు విప్పి నిలబడ్డాను.
ఎడమది కొంచెం లోతు.
అలసిన ఒళ్లు ఎటు బరువు మోపిందో
చెక్కకి ఇప్పటికీ గుర్తుంది.
కొలిచాను: మూడు మిల్లీమీటర్లు. 
ఫారంలో లోతుకి గడి లేదు.

సున్నా చుట్టలేదు.
అంచున ఖాళీ ఉన్నంత మేర, కాగితం అడ్డం తిప్పి,
సన్నటి అక్షరాలతో నింపాను.
తలకిందుల పత్రికలు తీయరాదు.
మూల చెమ్మ మరక మీద రంగు వేయరాదు.
క్లారీ అన్న పేరుకి స్పెల్లింగ్ అడిగితే
ఆవిడ ఒక్కో అక్షరం
ఆగి ఆగి చెప్పింది.

"అయిందా?"
అయిందన్నాను.
డల్సీ టేపు కొస వదిలేసింది.
పదమూడు అడుగులూ సర్రున చుట్టుకుంటూ వచ్చి
నా బొటనవేలు కోసాయి.