రోళ్లపాడుకు పద్నాలుగు గుడారాలు

కర్నూలులో రాత్రి పదకొండు. ఎక్సెల్ తెరుచుకుని కూర్చున్నాను.
ఇరవై ఎనిమిది మంది, మూడు రాత్రులు.
రాగి చెంబులు, నేత దుప్పట్లు, కొర్రన్నం,
ఒక్క ప్లాస్టిక్ స్ట్రా ఉండదు.
వచ్చేదేమో విమానంలో.
ఆ గడి ఖాళీగా వదిలేశాను.

మద్దిలేటికి ఫోన్ చేశాను,
ముప్పై ఏండ్లు ఆ గడ్డికి కావలి కాసినవాడు.
"గుడారాలు యాడ ఏపిస్తారు సార్?"
గడ్డి పొడుగ్గా ఉన్నచోట, అన్నాను.
తెల్లారి తెర తీస్తే ఎదురుగా బట్టమేక నిలబడాలి.
అవతల బీడీ పీల్చిన చప్పుడు.
"ఆ పిట్ట ఏడాదికి ఒగటే గుడ్డు పెడతాది సార్.
గూడు కట్టదు. ఉత్త నేలమీదనే.
మీరు మేకు కొట్టేది గూడా ఆ నేలమీదనే."

స్నానాలకు సోలార్ వేడినీళ్లు, అన్నాను.
"ఏడి సరే. నీళ్లు యాడియి?"
ట్యాంకరు, అన్నాను, కొంచెం నెమ్మదిగా.

ఆ పిట్టను కడసారి ఎప్పుడు చూశావని అడిగితే
ఏ సంవత్సరమో చెప్పలేదు.
మగది గొంతుసంచి నింపుకుని పిలిస్తే
ఊర్లోకి వినిపించేదంటూ
ఫోన్లోనే పిలిచి చూపించాడు,
ఊపిరి చాలక, మధ్యలో దగ్గుతూ.

పద్నాలుగు గుడారాలూ కొట్టేశాను.
బస కర్నూలులోనే. అందరికీ ఒకే బస్సు.
రెండో రోజు, ఉదయం ఐదున్నర:
గడ్డి అంచున నిలబడి వినడం, గంటసేపు.
మద్దిలేటి కూలి రెండింతలు చేశాను.
తలసరి ధర మాత్రం తగ్గించలేదు.

ఏమీ వినపడకపోతే
డబ్బు వాపసు అడుగుతారేమోనని
అదొక్కటే భయం.