ఉగ్గుగిన్నె

చొక్కా జేబులో పెన్నుండాల్సిన చోట
నాకు మీటరుంటుంది.
నీళ్ళలో ముంచితే అంకె చెబుతుంది.
అరవై అంటే క్యాను నింపుతాను,
నూటయాభై దాటితే మెంబ్రేన్ మారుస్తాను.
గుంటూరు నల్లచెరువు మూడో లైన్లో
పదకొండేళ్ళుగా నా బతుకు ఆ రెండంకెల మధ్యే.

ఫిల్టర్ల కంపెనీ వాళ్ళు
టార్గెట్ దాటిన డీలర్లని యూరప్ తిప్పారు.
ఆరో రోజు బస్సు దింపిన ఊరి పేరు
ఇప్పటికీ నాకు నోరు తిరగదు.
లోయలో ఊరు, ఊరి నడుమ ఏరు,
ఏటి గట్టున రాతి స్తంభాల వసారా,
నాలుగు పెళ్ళిపందిళ్ళంత పొడుగు.
దాని కింద గొట్టాల్లోంచి
ఆవిర్లు కక్కుతూ నీళ్ళు.
రాజులొచ్చి తాగారట,
కీళ్ళు పట్టేసిన రాణులొచ్చి తాగారట.
గైడు ఇంకా చెబుతుండగానే
మా నరసరావుపేట డీలరు అడిగాడు:
"ఇంతకీ లీటరెంత?"

ఊరికేనట.

ఆ మాటకి మేమెవ్వరం
కాసేపు మాట్లాడలేదు.

ఎవరి చేతిలో చూసినా పింగాణీ కప్పు,
పిడి లోపల బోలు, పిడి కొసనే మూతి.
పీలుస్తూ నడవాలి, ఆగకూడదు, గుటకెయ్యకూడదు.
కర్రలూతంగా, కోట్లు బిగించుకుని,
ముగ్గుబుట్ట తలల ముసలాళ్ళు
ఉగ్గుగిన్నెలు పట్టుకుని
తమకి తామే ఉగ్గు పోసుకుంటూ.

నేనూ ఒకటి కొన్నాను, పట్టాను.
అలవాటైన చెయ్యి ఊరుకుంటుందా, మీటరు ముంచాను.
ఆరువేల చిల్లర.
మా దగ్గరైతే ఆ బోరుకి సిమెంటు పోసి మూసేస్తారు.
బెంచీ మీది పెద్దాయన అంకె చూసి
బొటనవేలు పైకెత్తాడు
మనవడికి మార్కులొచ్చినట్టు.

తాగాను.
ఉప్పు. తుప్పు.
తోమని రాగిచెంబు రుచి.
గొంతు దిగాక
చేబ్రోలు అవతల మా అమ్మమ్మ వాళ్ళ బోరు.
పప్పుడకని నీళ్ళు, సబ్బు నురగరాని నీళ్ళు,
పాలు పొయ్యగానే టీ విరిగే నీళ్ళు,
"ఒంటికి మంచియ్యిరా" అని
ఆవిడ అబద్ధమాడి తాగించిన నీళ్ళు.
నా మొదటి మిషను
ఆ నీళ్ళ మీద పగతోనే కొన్నాను.

వచ్చిన మర్నాడు
నాలుగున్నరకే మోటారు వేశాను.
ముందు గొట్టంలో అమ్మే నీళ్ళు.
వెనక గొట్టంలో మురిక్కాలవకి పోయేవి,
రిజెక్ట్ అంటాం వాటిని.
నేల అడుగు రాళ్ళని నాకి
తెచ్చిందంతా అందులోనే.
కప్పు అక్కడ పట్టాను.
ఖాళీ క్యాన్ల చుట్టూ
పీలుస్తూ నడిచాను, ఆగకుండా.

క్యాన్లు కడిగే ఖాజాబీ
ఎప్పుడొచ్చిందో, షట్టర్ కింద నిలబడి చూస్తోంది.
"ఏందన్నా, మతి అక్కడే పారేసుకొచ్చావా?"
చెప్పాను. రాజులు, స్తంభాలు, ఆరువేలు.
ఒక్క ముక్కా నమ్మలేదు.
కప్పుని తిప్పి తిప్పి చూసి
"మా నసీమా కూతురికి సరిపోద్ది,
మందు చెంచాతో పోస్తే కక్కేస్తంది" అంది,
కొంగులో చుట్టుకుని పట్టుకెళ్ళింది.

సాయంత్రం అడిగాను.
"యాడ తాగిద్ది?
ఆ మూతి కొరుకుతా కూచుంది పొద్దస్తమానం.
పళ్ళొస్తన్నయ్ గా."