దీపాల గది

ఈ ఊళ్లో ఇల్లు చవక, వేడి ఖరీదు.
ఏడాది అద్దె ఒక్కసారే చేతిలో పెడితే
ఇంటాయన నోట్లు రెండోసారి లెక్కపెట్టలేదు,
నా మొహం మాత్రం రెండోసారి చూశాడు.
"ఇక్కడికెందుకు?"

ఆ మాట ఇప్పటికి నలభైమంది అడిగుంటారు.
టోఫు అమ్మే ఆవిడ, బస్సు డ్రైవరు,
పోలీస్ స్టేషన్లో నా వివరాలు రాసుకున్న అమ్మాయి.
ఇంటిపేరుతో కలిపి నా పేరు
ఫారం గళ్లు దాటి మార్జిన్లోకి పోయింది.
కాసేపు కలం కొరికి
మూడక్షరాలకి కుదించింది నన్ను.
లువో యా ని.
బాగానే ఉంది. కొత్త చెప్పులా
కొంచెం కరిచింది, అంతే.

ఏడో అంతస్తు. లిఫ్టు లేదు.
మెట్లు ఎక్కేకొద్దీ అద్దె దిగుతుందని
వచ్చాకే తెలిసింది.
మూడో అంతస్తు గోడ మీద ఎవరో పిల్లవాడు
బొగ్గుతో గీసిన రైలు.
ఈపాటికి ఆ పిల్లవాడికి
దక్షిణాన ఎక్కడో పిల్లలుంటారు.

అక్టోబర్లో తలుపుకి ఒక కాగితం అంటించారు.
ఎర్ర ముద్ర చూసి ఏదో శుభవార్త అనుకున్నా.
రేపు గొట్టాల్లోకి నీళ్లు వదులుతాం,
అందరూ ఇంట్లో ఉండండి, అని దానర్థమట.
ఆ రేపు నేను బజార్లో
నా ఎత్తు క్యాబేజీ గుట్టల మధ్య
నోరు తెరుచుకుని తిరుగుతున్నా.
ఇంటికొచ్చేసరికి మెట్ల మీద నీళ్లు
నాకెదురొస్తున్నాయి.

తలుపు ముందు ఒక ముసలావిడ.
చేతిలో రెంచి, కాళ్లకి మగవాళ్ల బూట్లు.
ఆరో అంతస్తు, తుంగ్ షూఛిన్.
కారింది ఆవిడ కప్పే, తడిసింది ఆవిడ పరుపే.
తిట్లకి సిద్ధపడి తాళం తీశాను.
ఏమీ అనలేదు. రేడియేటర్ పక్కన గొంతుక్కూచుని
బిగించింది, చెవి ఆనించి విన్నది,
మళ్లీ బిగించింది.
"సాయంత్రం తినడానికి రా."
అది ఆజ్ఞో ఆహ్వానమో
నాకొచ్చిన చైనీసుకి అందలేదు.

పుల్ల క్యాబేజీ, పంది మాంసం, అద్దాల్లాంటి సేమ్యా.
మా ఇద్దరి మధ్యా గిన్నెకి ఆనించిన ఫోను,
ఆవిడ యాసని తిప్పలుపడి
నా భాషలోకి మోస్తోంది.
ఇరవయ్యారేళ్లు గనిలో దీపాల గదిలో పనిచేసిందట.
దిగేవాడు ఇత్తడి బిళ్ల ఇచ్చి దీపం తీసుకుంటాడు,
పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు.
షిఫ్ట్ దిగేసరికి మేకులన్నీ ఖాళీ కావాలి.
ఒక్క బిళ్ల గనక మేకుకే ఉండిపోయిందంటే

అక్కడ ఆగింది.
ఫోను కాసేపు చూసి
ఏమీ వినబడలేదు అని రాసింది.

గని మూశారు, లెక్క మానలేదు, అంది తర్వాత.
రాత్రి చెత్త పడెయ్యడానికి దిగినప్పుడు
కింద నిలబడి వెలిగే కిటికీలు లెక్కపెడుతుందట.
పోయిన చలికాలం నాలుగు.
"నువ్వు లైటు ఆర్పవేం?"
నేను కంగారుగా, రాత్రే నా పని,
డబ్బులిచ్చేవాళ్లకి అప్పుడే పగలు,
పరదా వేసుకుంటాను, అన్నాను.
"వెయ్యమన్నానా?" అంది, నా గిన్నె మళ్లీ నింపుతూ.

ఇప్పుడు డిసెంబరు. మూడున్నరకే చీకటి.
రోడ్డు పక్క అట్టపెట్టెల్లో ఐస్ క్రీమ్ అమ్ముతారు,
ఫ్రిజ్ అక్కర్లేదు, ఆకాశం చాలు.
ఇంట్లో మాత్రం గొట్టాల వేడికి
బనియన్తో కూచుంటాను.
ఎందుకొచ్చావని అడిగితే
చవకని, అనే చెబుతాను ఇప్పటికీ. అబద్ధమేం కాదు.

పని లేని రాత్రుళ్లు కూడా
కింద ఇనపతలుపు కిర్రుమని,
మగవాళ్ల బూట్లు మంచులో నాలుగడుగులేసి
ఆగి,
మళ్లీ మెట్లెక్కేదాకా
స్విచ్ ముట్టుకోను.

పరుపు మాత్రం ఇంకా బాకీ ఉన్నాను.