ట

తెలుగులో ఒక చిన్న అక్షరం ఉంది.
మాట చివర తగిలిస్తే చాలు,
ఆ మాట మనది కాకుండా పోతుంది.
వచ్చాడట. తాగాడట. కొట్టాడట.
పొయ్యి మీది డేగిసా
చెయ్యి కాలకుండా దించుకునే పాతగుడ్డ లాంటిది.

భువనేశ్వర్ శిక్షణలో మొదటిరోజే
ఆ గుడ్డ లాగేసుకున్నారు.
"ఆమె ఇలా అంటోంది అని చెప్పకూడదు.
ఆమె నేను అంటే నువ్వూ నేను అనాలి."
న్యాయమే. కాదనను.
కొండ దిగి అంతదూరం నడిచొచ్చిన గొంతుకి
నేను అడ్డుగోడ కాకూడదు.

అప్పట్నుంచి గుణుపురం కేంద్రంలో
సవరలో విన్నది ఒడియాలో చెబుతున్నాను.
ఒడియాలో నేను అంటే "ము".
పదకొండింటికి: ము లోపల గడియ పెట్టుకున్నాను.
పన్నెండున్నరకి: ముకి మూడో నెల.
భోజనాలయ్యాక, స్టేషన్ రైటర్‌కి, రెండోసారి:
ము అరిచాను. ఎవరూ రాలేదు.
రాసుకుంటూ అతను "మళ్ళీ చెప్పు" అంటాడు.
అరిచానని మళ్ళీ చెబుతాను,
అరవకుండా.

సవర నాకు బడిలో రాలేదు.
నాన్న కొండ సంతల్లో ఉప్పూ ఎండుచేపలూ అమ్మేవాడు.
తక్కెడ పక్కన కూర్చుని నేర్చుకున్నాను.
ఎంత, ఇంకొంచెం వెయ్యి, రేపిస్తాను, వానొస్తోంది.
అంతవరకే.
మిగతా మాటలు ఈ గదిలో వచ్చాయి,
ఒక్కోటీ ఎవరో ఒకరి ఒంటి మీద చూసి.

ఇంట్లో మా పిల్లాడు తలుపు విసురుగా వేస్తే
నాది కాని భయం
నా కాళ్ళతో లేచి నిలబడుతుంది.
మా ఆయన మంచివాడు. "ఏటైంది?" అంటాడు.
చెప్పకూడదు, సంతకం పెట్టాను.
చెప్పినా, ఏ నేను అని చెప్పను?

మా మనసుల కోసమే అని
రాయగడ హోటల్లో ఒకరోజు సదస్సు పెట్టారు.
కళ్ళు మూసుకుని సముద్రాన్ని ఊహించుకోమన్నారు.
నేను రావలసిన నాలుగు నెలల జీతాన్ని ఊహించుకున్నాను.
ఫైలూ పెన్నూ ఇచ్చారు.
భోజనం మాత్రం బాగుంది, అబద్ధమెందుకు.

ఊడ్చే సన్యాసమ్మకి సవర రాదు. ఒడియా అంతంతమాత్రం.
గది బయట స్టూలేసుకుని కూర్చుంటుంది.
ఓ మధ్యాహ్నం బయటికొచ్చి
కుళాయి కింద చేతులు కడుగుతూనే ఉన్నాను.
వచ్చి కుళాయి కట్టేసింది.
"పొద్దుట ఏటి తిన్నావే?"
గుర్తు రాలేదు.
"సెప్పందే వదల్ను."
"చద్దన్నం."
"ఎవులు తిన్నారు?"
"నేను."
"అలాక్కాదు. మీ ఇంట్లో ఎలాగంటావో అలాగ."

"నాను," అన్నాను.
"నాను చద్దన్నం తిన్నాను. ఉల్లిపాయ నంజుకున్నాను.
సగం కుళ్ళిపోయిందది. ఆ సగం పారేసినాను."

ఫైళ్ళలోకి ఎక్కని మాట, నాను.
ఏ రైటరూ దాన్ని రెండోసారి అడగడు.
అరిగిపోయి నా పాదం ఆకారానికొచ్చిన చెప్పు.
గుమ్మంలో అన్నాళ్ళూ అక్కడే ఉంది.

ఎవరూ రాసి గోడకి అంటించలేదు గానీ
ఇప్పుడది మా రూలు.
ఒక్కో మనిషి వెళ్ళాక ఒక్కో నాను.
నాను బస్సులో నిలబడే వచ్చినాను.
నాను బాకీ తీర్చలేదు.
మినతి మేడమ్ కూడా వచ్చి నిలబడుతుంది.
ఆమె నోట్లో నాను తిరగదు,
సన్యాసమ్మ మూడుసార్లు దిద్దుతుంది.
పసిపిల్లల కేసు చేసిన మర్నాడు నాకు సెలవు కావాలని
మేడమ్ పైకి రెండు ఉత్తరాలు రాసింది.
జవాబు లేదు.
మూడోసారి రాయలేదు. డ్యూటీ రిజిస్టరులో తనే గీత గీసేసింది.
"ఎవరడిగినా నా పేరు చెప్పు."

నిన్న సాయంత్రం
బండి మీద మా ఆయనొచ్చి గేటు దగ్గర నిలబడితే
సన్యాసమ్మ గొంతు వినిపించింది:
"మీ తవిటమ్మ ఇయాల నవ్విందట."

ఆ టైములో తను బియ్యం తేవడానికి పోయింది.
కళ్ళారా చూడలేదు గనక ట పెట్టింది.
ఆమె దగ్గర లెక్క లెక్కే.

నిజమే.
నవ్వింది నానే.