తుమ్ము

ఫొటోకి నాలుగు రూపాయలు.
మసగ్గా వస్తే లెక్కలోకి రాదు.
బ్రాడీపేటలో, కాలేజీ వెనక మేడ మీద,
కిటికీకి నల్లగుడ్డ కట్టుకుని
నేనూ స్కానరూ.

పెట్టె మూత తీస్తే పుల్లటి వాసన.
అరవయ్యేళ్ళ కిందటి నెగటివులు.
ఫొటో తీసిన మేష్టారి పేరు రిజిస్టరులో ఉంది.
చెక్కని పొరలు పొరలుగా కోసిందెవరో
కవరు మీద మాత్రమే, పెన్సిలుతో:
పరిశుద్ధం, అటెండరు.

మద్దిలో గొట్టాలు
జంతికల గొట్టం బిళ్ళకున్న చిల్లుల్లా.
టేకులో తొలకరికి పెద్దవి, తర్వాత చిన్నవి,
రేషను షాపు ముందు ఒరుసుకు నిలబడ్డట్టు.
తుమ్మకి అడవి పేరే లేదు.
"బండి ఇరుసు. పేరేచర్ల. విరిగినాక అడిగి తెచ్చింది."

తెల్లపొణికి దగ్గర ఆగాను.
మా అద్దాల బీరువాలో
అంబారీ ఏనుగై నిలబడ్డ చెట్టు ఇదే.
"ఆరు కోతలు చెడినై. ఇది ఏడోది.
మెత్తనిదాన్ని కొయ్యాలంటే
కత్తి ఇంకా పదునుండాలి."
చెట్టు గురించే రాశాడనుకుంటాను.

నారేప మాత్రం ఇనుము.
మూడు రోజులు ఉడకబెట్టాడట.
కోత బాగానే వచ్చింది,
ఫొటోయే కదిలిపోయింది.
గీతలన్నీ రెండేసి. చిల్లులన్నీ జంటలు.
తెర మీద ఎర్రగా పడింది:
నాణ్యత లేదు. తొలగించాలా?

కవరు తిప్పాను.
"మార్చి నెల. మిర్చి లారీ. తుమ్ము.
ఇంకోటి తీద్దామంటే ఫిలిం అయిపోయింది."
తుమ్మింది మేష్టారో, తనో
రాయలేదు.
తనే అయితే రాసేవాడే.

లోపానికి కారణం అని ఒక గడి ఉంటుంది.
నొక్కితే నాలుగే దిగుతాయి:
బూజు, గీత, వెలిసిపోవడం, ఇతరం.
ఇతరం నొక్కి
పరిశుద్ధం రాసిందంతా, మిర్చి లారీతో సహా,
ఒక్క అక్షరం దిద్దకుండా కొట్టాను.
తొలగించాలా అంటే వద్దన్నాను.
నాలుగు రూపాయలు పోయినై.

సాయంత్రం గాలి
యార్డు వైపు నుంచి మళ్ళింది.
నల్లగుడ్డ ఉబ్బింది.
స్కానరు దీపం అప్పటికి సగం దారిలో ఉంది,
చండ్ర మీదుగా, నిమ్మళంగా.

బల్ల మీంచి చేతులు తీసేసి
ముక్కు గట్టిగా పట్టుకుని
నిలబడ్డాను.