పదహారు చుక్కలు, పదహారు వరసలు

పేరు వాళ్ళే పెట్టుకొచ్చారు: చూపు.
రెండే అక్షరాలు, ఏ ఫోనులోనైనా సర్దుకుంటాయనుకున్నారు.
మాదాపూర్‌లో ఆరో అంతస్తు, అద్దాల గది.
ఏసీ చలికి చున్నీ చెవులదాకా లాక్కుని
నలభై మూడో నమూనా గీస్తున్నాను.

హరినాథ్ గారికి త్రికోణం కావాలి.
"ప్లే గుర్తు లేనిదే జనం నొక్కరమ్మా."
మన లిపిలో త్రికోణం లేదండీ అన్నాను.
తాటాకు మీద గంటం సూటిగా లాగితే ఆకు చిరుగుతుందని
గుండ్రంగా తిరగడం నేర్చుకున్నాయట మన అక్షరాలు.
ఎవరో చెప్తే విన్నాను, నిజమో కాదో.
ఆయన గడియారం చూసుకున్నారు.

సరే, తలకట్టు తీసేసి
ఆ చోట త్రికోణం నిలబెట్టాను.
పెళ్ళికొడుకు తలపాగా తీయించి
హెల్మెట్ పెట్టినట్టుంది.

అసలు చిక్కు, బొమ్మ చిన్నదయ్యాక వచ్చింది.
గోడంత ఉన్నప్పుడు 'ప' దర్జాగా 'ప'లాగే ఉంటుంది.
దాన్నే పదహారు చుక్కలు, పదహారు వరసల్లోకి దించితే
(ఇంత ఇరుకు ముగ్గు మా గడప ముందు కూడా ఎవరూ వేయలేదు)
పొట్టకీ తలకట్టుకీ మధ్య సందు పూడిపోయి
చూపు కాస్తా చూవు అయింది.
"చూవు అంటే?" అన్నాడు
బెంగళూరు నుంచి కాల్‌లో ఉన్న పెట్టుబడిదారు.
కన్నడం చదివే కళ్ళు, ఇట్టే పట్టేశాయి.

ఆ రాత్రి బాలనర్సు గుర్తొచ్చాడు.
బోయిగూడలో ఆటోల వెనక పేర్లు రాసేవాడు.
ఒక ఎండాకాలమంతా
అతని రంగు డబ్బాల మూతలు తీయడమే నా ఉద్యోగం.
'ప' రాసేటప్పుడు చిటికెనవేలు రేకు మీద ఆనించి
వేలు పట్టేంత జాగా వదిలి
దాని చుట్టూ కుంచె తిప్పేవాడు.
"సందు రాయాలె బిడ్డా. గీత అదే అస్తది."
రంగు కారి సందులోకి దిగితే
చొక్కా కొసతో తుడిచేవాడు.
అతని చొక్కాలన్నిటికీ కుడి కొసలు ఏడు రంగులు.

తెల్లారి అక్షరాలు చెరిపేశాను.
సందు ఒక్కటే ఉంచాను:
చీకట్లో సగం తెరిచిన రెప్ప,
ఆలస్యంగా వచ్చినవాడి కోసం
హాలు తలుపు వారగా తీసినప్పటి వెలుతురు పీలిక.
హరినాథ్ గారు తల అటు వంచి, ఇటు వంచి
"ఆ, ఇదిగో త్రికోణం!" అన్నారు.
అందులో లేదు.
నేను కాదనలేదు.

రంగుకి ఇంకో మూడు వారాలు.
ఎరుపు ముందే ఎవరిదో అయిపోయింది, నీలం బ్యాంకులది.
చివరికి ఎండిన దానిమ్మ తొక్క దగ్గర ఆగాం.
చప్పుడు మునీర్ చేశాడు,
సుల్తాన్ బజార్‌లో వాళ్ళ అబ్బా గడియారాల కొట్టు
షట్టర్ పైకి లేచే మోత, చివరి రెండు సెకన్లు.
బిల్లులో మాత్రం "లోహ ధ్వని, ఒకటి" అని రాశాడు.

గుర్తు వాడకానికి ఎనభై నాలుగు పేజీల నియమాలు రాసిచ్చాను.
మొదటిది: చుట్టూ ఒక తలకట్టు మేర
ఏమీ ఉండకూడదు.

ఏమీ ఉండకూడదట, హైదరాబాదులో!

నాలుగో రోజు అమీర్‌పేట మెట్రో స్తంభం కింద
మా పోస్టరు ఖాళీని వెతుక్కుని మరీ అంటించారు:
లేడీస్ హాస్టల్, మూడు పూటలా భోజనం, వేడినీళ్ళు.
జిగురు ఇంకా తడిగానే ఉంది.
చించబోయి ఆగాను.
చవక సిరా ఉబ్బి
'పూటలా' అన్నది 'వూటలా' అయింది.

పైన బండి వచ్చి ఆగిన చప్పుడు.
తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి.
నేను కిందే నిలబడి
చిటికెనవేలి గోటితో, కాగితం చిరక్కుండా,
ఆ సందు తెరుస్తున్నాను.