టిక్కీన్నర

మిర్చి యార్డులో కాటా రాసే చెయ్యి నాది.
ఏ బరువు విన్నా ముందు టిక్కీల్లోకి మార్చుకుంటాను.
గుడారం అరవై కిలోలన్నారు,
అంటే టిక్కీన్నర,
తరుగు తియ్యకముందు.

కారు నెత్తిన మడిచి కట్టుకుపోయి
సముద్రం కనబడ్డచోట విప్పుకునే ఇల్లు కావాలని
యార్డుకి ఎండాకాలం సెలవులివ్వకముందే
ఇంట్లో తీర్మానమైపోయింది.
తీర్మానించింది ముగ్గురు,
లెక్క చూసేవాణ్ణి నేనొక్కణ్ణి.

మొదటిది లక్షా అరవై వేలు.
పెట్టెలా ఉంటుంది, మీట నొక్కితే లేచి నిలబడుతుంది.
మా కారునే రెండు లక్షల ఎనభైకి కొన్నాను,
ఎడమ తలుపు మీద సొట్టతో సహా.
"గుర్రం కంటే జీను ఖరీదా నాన్నా?" అంది కెజియా.
ఏడో తరగతి. ఎక్కడ నేర్చిందో.

రెండోది ఎనభై ఐదు.
మూడోది ముప్పై ఎనిమిదే, నిచ్చెన మనమే కొనుక్కోవాలి.
వానకి ఆగుతుందా అంటే
కొట్లో కుర్రాడు "ఆగుద్దండీ" అని
ఎందుకో ఆకాశంకేసి చూశాడు.

స్టెల్లా ఎవరి మాటా వినలేదు.
నతాను బ్యాగులోంచి సుద్దముక్క తీసి
డాబా మీద మూడు గుడారాలూ గీసింది,
టేపు పెట్టి, అంగుళం తేడా రాకుండా.
"రండి, పడుకోండి."

మూడోదాంట్లో నా మోచెయ్యి గీత దాటింది,
నతాను కాళ్ళు వాళ్ళక్క పొట్ట మీద.
రెండోదాంట్లో ఒకరు పక్కకి ఒత్తిగిలితే
నలుగురం ఒత్తిగిలాలి.
మొదటిదాంట్లో అందరం పట్టగా
ఇంకో మనిషికి చోటు మిగిలింది.
స్టెల్లా ఆ చోటుని అరచేత్తో తడిమి
"ఈ కాస్తకీ డెబ్బై ఐదు వేలా?" అంది.
వెల్లకిలా పడుకునే బేరం ముగించాం.

రాత్రి కారు పుస్తకం తెరిచాను,
పాత ఓనరు కూడా చింపని కవరు చింపి.
పైకప్పు, నడుస్తున్నప్పుడు,
యాభై కిలోలకి మించి మొయ్యదట.
ఆగి ఉంటే మాత్రం
గుడారాన్నీ, లోపలి నలుగురినీ మోస్తుందని
మెకానిక్ సైదులు పానా ఊపుతూ చెప్పాడు.

పదిహేడేళ్ళుగా చూస్తున్నాను యార్డులో,
ముఠా మనుషులు టిక్కీని భుజానికెత్తుకుని
పరుగులాంటి నడకతోనే మోస్తారు.
మధ్యలో ఆగితే మోకాలు వంగుతుంది,
ఆగడమంటే దించడమే.
నిలబడ్డాక ఎక్కువ మోసేదాన్ని
ఇదే చూడ్డం.

చివరికి కొన్నది రెండోదే, అదీ వాడినది,
నలభై ఆరు కిలోలు,
విజయవాడ పటమటలో ఓ పళ్ళ డాక్టరు దగ్గర
నలభై ఏడు వేలకి.
జిప్పు పోయింది కదా, నలభై ఐదుకివ్వమన్నాను.
ఆయన రూపాయి తగ్గలేదు,
లోపలికెళ్ళి ఒక దిండు తెచ్చిచ్చాడు.

లాలాపేటలో బ్యాగులు కుట్టే మౌలాలి
జిప్పు మార్చి నూట ఎనభై తీసుకున్నాడు.
లోపలి జేబులో ఎవరిదో పిల్ల క్లిప్పు, గుప్పెడు ఇసుక.
వద్దంటున్నా నతాను నాలిక్కి రాసుకుని
"ఉప్పగా లేదు, ఇది ఏరు" అన్నాడు.

శనివారం సూర్యలంక.
ఇవాళ గురువారం,
పరీక్షకని మా సందులోనే విప్పాం,
కరెంటు స్తంభానికీ ఇస్త్రీ బండికీ మధ్య.
ఎదురింటి రోశమ్మగారు గేటు దాకా వచ్చి
"ఇంట్లో ఏవన్నా గొడవా?" అని అడిగి వెళ్ళింది.

దీపం ఆర్పి జిప్పు వేసుకున్నాక తెలిసింది,
రెండు స్నానాలు చేసినా
నా ఒంటి ఘాటు వదల్లేదని.
ముందు కెజియా తుమ్మింది,
తర్వాత నతాను, తర్వాత వాళ్ళమ్మ,
ఆపుకోబోయి నేనూ.

బండి ఒక్కసారి అటూ ఇటూ ఊగింది.
నలుగురం ఊపిరి బిగబట్టి
కింద స్ప్రింగుల మూలుగు విన్నాం.

తర్వాత ఏ చప్పుడూ లేదు.
చీకట్లో వేళ్ళు మడిచి కూడుకున్నాను,
మాదీ గుడారానిదీ కలిపి
ఆరు టిక్కీల చిల్లర.